మెయిన్ ఆర్పి చూడండి

"ఏ బ్యాటరీ కొనమంటారు ఆంటీ?" అని ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇక్కడ అరిజోనాలో, చాండ్లర్‌లో కొత్తగా ఇల్లు కొన్న ప్రతి తెలుగు జంటకీ కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు కావాలి, గ్యారేజీ గోడకి తెల్లటి పెట్టె కావాలి. నేను ఆ పనిలోనే తల నెరిపించుకున్నానని వాళ్ళకి ఎవరో చెప్తారు. నేను జవాబు మొదలుపెట్టేలోపే, "మా టీమ్‌లో అందరూ ఒకటే బ్రాండ్ తీసుకున్నారు ఆంటీ, రివ్యూస్ సూపర్" అని వాళ్ళే చెప్పేస్తారు. అంటే సలహా కోసం చేసిన ఫోన్ కాదన్నమాట. ఆశీర్వాదం కోసం చేసింది.

ఈ మధ్య మనవాళ్ళ పిల్లలు కొందరు ఆ పెట్టెలు బిగించే కంపెనీల్లోనే ఉద్యోగాలకి చేరారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినప్పుడల్లా పని పెరిగింది తప్ప తెలివి పెరగలేదు.

నీళ్ళు పోసే ఇంజనీరు

నేను కాకినాడలో ఎలక్ట్రికల్ చదివాను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ బ్యాటరీ గదుల్లో కొన్నాళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక 1970ల చివర్లో అరిజోనా వచ్చాను. ఫీనిక్స్ శివార్లలో ఒక చిన్న సోలార్ కంపెనీలో చేరాను. నా కార్డు మీద 'సోలార్ సిస్టమ్స్ ఇంజనీర్' అని ఉండేది. చేసిన పని మాత్రం నీళ్ళు పోయడం.

నవ్వకండి. అప్పటి బ్యాటరీ అంటే ఆమ్లంలో మునిగిన సీసపు పలకలు. ఛార్జి ఎక్కుతున్న కొద్దీ అందులోని నీళ్ళు ఆవిరైపోతాయి. అరిజోనా ఎండలో మరీను. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండకపోతే పలకలు బయటపడి, ఎండి, బ్యాటరీ చస్తుంది. కరెంటు పోయిన రోజున గానీ అది చచ్చిన సంగతి ఇంట్లోవాళ్ళకి తెలియదు. మిగతా రోజుల్లో చచ్చిన బ్యాటరీ, బతికిన బ్యాటరీ ఒకే పోలికతో కూర్చుని ఉంటాయి. మన వృత్తిలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉంది.

డ్యాన్ గారి సింహం

మా యజమాని పేరు డ్యాన్. అంతకుముందు ఈతకొలనుల మీద కప్పే పట్టాలు అమ్మాడు. దానికి ముందు నీటిని మెత్తబరిచే యంత్రాలు అమ్మాడు. సోలార్ పెట్టుకున్నవాళ్ళకి ప్రభుత్వం పన్ను రాయితీ ఇవ్వడం మొదలుపెట్టగానే, రాత్రికి రాత్రి ఆయనకి సూర్యుడి మీద భక్తి పుట్టుకొచ్చింది. ఆ రోజుల్లో అలాంటి భక్తులు ఊరినిండా ఉండేవారు.

ఆయన ఒక 'హోమ్ బ్యాకప్ కిట్' తయారుచేశాడు. కప్పు మీద కొద్దిపాటి ప్యానెళ్ళు, గ్యారేజీలో ఒక ఇన్వర్టర్, నాలుగైదు బ్యాటరీలు. బ్యాటరీల మీద జూలు విరబోసుకున్న సింహం స్టిక్కరు. పేరు 'డెజర్ట్ లయన్'. చేరిన వారంలోనే ఆ స్టిక్కరు అంచు గోటితో లేపి చూశాను. కింద మామూలు కారు బ్యాటరీ కంపెనీ లేబులు ఉంది. పైన పటారం, లోన లొటారం.

కారు బ్యాటరీ చెడ్డదని కాదు. దాని పని వేరు. ఇంజను స్టార్ట్ చేయడానికి ఒక్క ఊపు ఊపి, ఆ తర్వాత రోజంతా కూర్చుని తినే రకం అది. అందుకని దాని పలకలు పల్చగా ఉంటాయి. ఇల్లు నడపాలంటే గంటల తరబడి నిదానంగా కరెంటు ఇచ్చే మందపాటి పలకలు కావాలి. మందపాటి పలకలంటే సీసం, సీసమంటే బరువు. ఆ సింహాన్ని నేను ఒంటిచేత్తో ఎత్తి డ్యాన్ బల్ల మీద పెట్టాను.

"ఇంత తేలిగ్గా ఉంటే ఇందులో సీసం ఏముందని?" అన్నాను.

డ్యాన్ కళ్ళు మెరిశాయి. "చీర కట్టుకున్న ఆవిడ కూడా ఎత్తగలదు! విమలా, ఇది మన ప్రకటనలో వేద్దాం" అన్నాడు.

నిజంగానే వేశాడు. నన్ను ఫొటో కూడా తీయించబోతే ఆ రోజు సెలవు పెట్టాను. మీకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే: అమ్మేవాడు దేన్ని చూసి మురిసిపోతున్నాడో, కొనేవాడు దాన్నే అనుమానించాలి.

మనవాళ్ళు ఎలా ఎంచుకుంటారు

అప్పట్లో మా ఊళ్ళో తెలుగు కుటుంబాలు చాలా తక్కువ. నెలకో శనివారం ఎవరో ఒకరింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్ ఉండేది. మేం క్రైస్తవులం, ఆదివారం మా ఇళ్ళల్లో ప్రార్థన జరిగేది. శనివారం జనం వేరు, ఆదివారం జనం వేరు, పులిహోర మాత్రం ఒకటే. నేను రెండు చోట్లా తినేదాన్ని.

శనివారం జనానికి పెద్ద దిక్కు డాక్టర్ రామ్మోహన్ గారు. గుండె డాక్టరు. ఊళ్ళో మొదటి పెద్ద ఇల్లు, మొదటి వీసీఆర్ ఆయనవే. ఆయన ఏ కారు కొంటే మిగతావాళ్ళూ అదే కారు కొనేవారు, రంగు మాత్రం మార్చేవారు. వర్షాకాలపు తుఫానులకి కరెంటు పోతోందని ఆయన ఒక సింహాన్ని తెచ్చుకున్నారు. మర్నాటి పాట్‌లక్‌లోనే చుట్టూ చేరి ఒకటే ప్రశ్న: "ఎలా ఉందండీ?"

"ఫస్ట్ క్లాస్!" అన్నారాయన. అప్పటికి కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.

అంతే, గొర్రెలమందలా అందరూ డ్యాన్ దగ్గరకి పరిగెత్తారు. తెలుగువాళ్ళు ఇంత సులభంగా కొంటారని తెలిసి డ్యాన్ నన్ను 'నమస్తే' అనడం నేర్పమన్నాడు.

వాటిని చూసుకోవడానికి ఇళ్ళకి వెళ్ళేది నేనే. రామ్మోహన్ గారు ప్యానెళ్ళని పట్టుబట్టి తూర్పు ముఖంగా పెట్టించారు. ఇక్కడ సూర్యుడు దక్షిణం మీదుగా వెళ్తాడు, దక్షిణానికి పెడదామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"సూర్యుడికి ఎటు తిరిగి దండం పెడతాం విమల గారూ? తూర్పుకే కదా" అన్నారాయన. పొద్దున దండం అందుకున్న ప్యానెళ్ళు మధ్యాహ్నం నుంచి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవి. బ్యాటరీ సగం కడుపుతో ఉండేది.

ఇంకో ఇంట్లో గ్యారేజీ బ్యాటరీ అలమర చీకటిగా ఉందని ఆవకాయ జాడీలు అందులో సర్దేశారు. గాలి ఆడడానికి నేను వదిలిన కంతలో పాత చీర కుక్కారు, ఆవకాయకి ఆ బ్యాటరీ వాసన పడుతోందని. బ్యాటరీ నుంచి వచ్చేది హైడ్రోజన్, ఒక్క నిప్పురవ్వ పడితే ఆవకాయతో సహా గ్యారేజీ ఎగిరిపోతుందని చెప్తే, ఆ ఇల్లాలు "మరి ముందే చెప్పాలి కదమ్మా, జాడీలు ఇంకో చోట పెట్టేదాన్ని" అన్నది. ఆవిడ దిగులంతా జాడీల గురించే.

మరో ఇంట్లో నీళ్ళు క్రమం తప్పకుండా పోస్తున్నామన్నారు. మూత తీసి చూస్తే పలకల మీద తెల్లగా పొక్కులు. ఏ నీళ్ళు పోశారని అడిగాను.

"కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి పోశానండీ. మా పాపకి తాగడానికి ఇచ్చే నీళ్ళే" అన్నాడాయన గర్వంగా. నీళ్ళు కాస్తే పురుగులు చస్తాయి, సున్నం చావదు కదా. పసిపిల్లకి పనికొచ్చేది బ్యాటరీకి పనికిరాదని ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది.

రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఒక్కో సింహమూ మూలిగింది. రామ్మోహన్ గారికి ఆ మాట చెప్పబోతే, "మాది ఫస్ట్ క్లాస్" అని నన్ను నోరు తెరవనిచ్చేవారు కాదు. మిగతావాళ్ళలో ఎవరినడిగినా మేం సరిగ్గానే చూసుకున్నామనేవారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. నేను చూసి "ఇది పోయిందండీ" అనగానే, మిగతా ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట.

"మనలో మన మాట విమల గారూ, పార్టీలో మాత్రం అనకండి. నేను చెబితేనే వాళ్ళూ కొన్నారు."

కొనిపించినవాడు చెప్పలేడు. కొన్నవాడు తాను మోసపోయానని చెప్పుకోలేడు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుని, పాట్‌లక్‌లో మాత్రం "మాదైతే బ్రహ్మాండం" అనేవారు. పిల్లలూ, ఇప్పటి మీ రివ్యూలకి ముత్తాత ఈ పాట్‌లక్కే.

సుభద్ర గారి ఊపిరి

ఇంతవరకూ నవ్వులాటే. తుఫాను రోజు ఓ గంట చీకట్లో కూర్చుంటే ఎవరి ప్రాణమూ పోదు. ఆ ఊరికి మురళి గారూ, సుభద్ర గారూ వచ్చాక ఇది నవ్వులాట కాకుండా పోయింది.

మురళి గారు చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. ఆయన భార్య సుభద్ర గారికి నలభై ఏళ్ళు ఉంటాయేమో. చిన్నప్పుడు క్షయ వచ్చి ఊపిరితిత్తులు సగం పాడయ్యాయి. ముక్కుకి సన్నటి గొట్టం పెట్టుకుని ఉండేవారు. ఇంట్లో ఉన్నంతసేపూ గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఆడుతూ ఉండాలి. అది కరెంటు మిషన్. కరెంటు పోతే అడ్డం పడడానికి ఒక సిలిండరు ఉండేది, అది కొన్ని గంటలు వస్తుంది. ఎండాకాలం చివర దుమ్ము తుఫాను వచ్చి స్తంభాలు పడిపోతే, ఆ ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. దారులు మూసుకుపోతే కొత్త సిలిండరూ రాదు. ఆవిడకి బ్యాటరీ అంటే వీసీఆర్ కాదు, ఊపిరి.

మురళి గారు చదువుకున్నవారు కాబట్టి పద్ధతిగా విచారించారు. అంటే పాట్‌లక్‌లో అందరినీ అడిగారు. అందరూ సింహం బ్రహ్మాండమన్నారు.

నేను డ్యాన్ దగ్గరకి వెళ్ళాను. "వాళ్ళింట్లో మిషన్ ఆగితే మనిషి పోతుంది. వాళ్ళకి ఇది అమ్మొద్దు. గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి బ్యాటరీ పెడదాం" అన్నాను.

"అది అనాకారిగా ఉంటుంది. పైగా అది మన దగ్గర లేదు" అన్నాడు డ్యాన్. "ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో మాట్లాడితే నీ ఉద్యోగమూ ఉండదు."

ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంట్లో చెప్పకూడదన్నది నిజానికి మంచి నియమమే. దాన్ని డ్యాన్ నోట వినాల్సి వచ్చినందుకే నాకు ఒళ్ళు మండింది.

రామ్మోహన్ గారింట్లో శనివారం

ఆ నెల పాట్‌లక్ రామ్మోహన్ గారింట్లో. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని వీసీఆర్‌లో తెలుగు సినిమా చూస్తున్నారు. సోమవారం డ్యాన్ దగ్గర సంతకం పెడుతున్నానని మురళి గారు చెప్పగానే తలా ఒక అభినందన చెప్పారు. నేను పెరుగన్నం తింటూ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఎవరి బ్యాటరీ ఏ నెలలో పోయిందో నాకు కంఠతా వచ్చు.

సుభద్ర గారు చిన్న చక్రాల బండి మీద సిలిండరు లాక్కుంటూ వంటింట్లోకి వచ్చారు.

"విమల గారూ, వీళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళేది మీరే కదా. మీరు చెప్పండి. ఇవి పనిచేస్తున్నాయా?"

"నేను చెప్పకూడదండీ. ఉద్యోగం."

"వాళ్ళని అడిగితే అందరూ ఒకటే పాట పాడుతున్నారు. మీరేమో చెప్పరు. మరి నాకెవరు చెప్తారండీ? ఆగిపోయేది నా ఊపిరి కదా."

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది. కంచం సింక్‌లో పెట్టి అన్నాను: "మనుషులకి మొహమాటం ఉంటుందండీ. ఈ ఇంటి పక్కగోడకి మెయిన్ స్విచ్ ఉంది. దానికి మొహమాటం లేదు. దాన్నడగండి."

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. తర్వాత సిలిండరు లాక్కుంటూ పెరటి తలుపు తీసుకుని వెళ్ళారు.

హాల్లో టీవీ ఒక్కసారి వణికింది. గ్యారేజీలోంచి ఇన్వర్టరు జుమ్మని మోత మొదలుపెట్టింది. టీవీ, ఫ్రిజ్ బ్యాటరీ మీదకి వెళ్ళాయి. రామ్మోహన్ గారు చటుక్కున లేచి నిలబడ్డారు.

"కరెంటు పోయింది! ఎవరూ కదలకండి. మురళీ, చూడవయ్యా, ఇదీ బ్యాకప్ అంటే. సినిమా ఆగిందా? ఆగలేదు. చూడు, మా సింహం..."

ఆయన ఆ వాక్యం పూర్తిచేయలేదు. తెర మీద హీరో ముందు సన్నబడ్డాడు, తర్వాత పొట్టివాడయ్యాడు, చివరికి తెర మధ్యలో చుక్కై ఆరిపోయాడు. ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఇన్వర్టరు కీచుమని అరిచి చచ్చింది. హాల్లో ఎంత నిశ్శబ్దమంటే, పెరట్లోంచి వస్తున్న చక్రాల బండి చప్పుడు అందరికీ వినిపించింది.

సుభద్ర గారు గుమ్మంలో నిలబడి కాసేపు ఊపిరి తీసుకున్నారు.

"కరెంటు పోలేదండీ, నేనే ఆపాను" అన్నారు. తర్వాత భర్త వైపు తిరిగి, "ఏవండీ, మీరు చెప్పిన బ్యాటరీ ఇదేనా? ఇందాకటి నుంచీ నా ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. సరిగ్గా ఆ గోడ దగ్గర్నుంచి ఈ గుమ్మం దాకా బతికాను" అన్నారు.

కాచిన నీళ్ళాయన ముందుగా గొంతు సవరించుకున్నాడు. "మాది కూడా పోయిన వేసవిలోనే పోయిందండీ" అన్నాడు. ఆవకాయ ఇల్లాలు, "మాది అంతకుముందే" అంది. ఆ తర్వాత హాల్లో గోడు వరసకట్టింది. రామ్మోహన్ గారు సోఫాలో కూర్చుని, "మరి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. పెద్దమనుషులతో ఉండే ఇబ్బందే అది.

గేదె

సోమవారం డ్యాన్ చిందులు తొక్కాడు. "నువ్వు ఏం చెప్పావు వాళ్ళకి?"

"ఎవరి ఇంటి సంగతీ చెప్పలేదు. స్విచ్ ఎక్కడుందో మాత్రం చెప్పాను."

ఆయన నన్ను తీసేసేవాడే. కానీ మధ్యాహ్నానికల్లా తెలుగువాళ్ళందరూ ఫోన్ చేసి, సుభద్ర గారికి ఏది పెడుతున్నారో తమకీ అదే కావాలన్నారు. అదేమిటో వాళ్ళకి తెలియదు. డ్యాన్‌కీ తెలియదు. నాకొక్కదానికే తెలుసు. అందుకని నా ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత మా ప్రకటనలో సింహం పోయి, 'మెయిన్ ఆర్పి చూసుకోండి, మాకు భయం లేదు!' అన్న మాట వచ్చింది. పక్కన డ్యాన్ ఫొటో.

మురళి గారింట్లో ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ దింపడానికి మనుషులు చాలక క్రేన్ బండి తెప్పించాం. నల్లగా, మొరటుగా గ్యారేజీలో సగం ఆక్రమించింది. సుభద్ర గారు చుట్టూ తిరిగి చూసి, "గేదెలా ఉందండీ. గడ్డి వేయాలా?" అన్నారు.

"గడ్డీ కుడితీ వద్దు. డిస్టిల్డ్ వాటర్ పెడితే చాలు" అన్నాను.

మిషన్ దానికి తగిలించి, ఆవిడ ఎదుటే మెయిన్ ఆర్పించాను. పక్కన సిలిండరు సిద్ధంగా పెట్టుకుని, ఆ పగలంతా అలాగే ఉంచాం. మురళి గారు గంటగంటకీ హైడ్రోమీటరుతో, అంటే ఆమ్లం చిక్కదనాన్ని బట్టి బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పే గాజు గొట్టంతో, చూస్తూనే ఉన్నారు. సాయంత్రానికి గేదె ఇంకా సగం కడుపుతో నెమరేస్తోంది. మీరు ఏ కాలపు బ్యాటరీ అమ్మినా పద్ధతి ఇదే. నడవాల్సింది ఏమిటో ముందు అడగండి, దాన్ని తగిలించండి, మెయిన్ ఆర్పండి, గడియారం చూడండి. కాగితం మీద సంఖ్యలు తర్వాత చదువుకోవచ్చు.

ఆ ఆగస్టులోనే దుమ్ము తుఫాను వచ్చింది. సాయంత్రం పూట గోధుమరంగు గోడలా వచ్చి ఊరిని మింగేసింది. స్తంభాలు వరసగా పడిపోయాయి. ఫోన్లు కూడా పనిచేయలేదు. మర్నాడు పొద్దున రోడ్డు తెరిచాక నేను కారు వేసుకుని వెళ్ళాను. మెయిన్ ఆర్పి చూసినదాన్ని నేనే అయినా, లెక్క వేరు, భయం వేరు.

గ్యారేజీ తలుపు తెరిచి ఉంది. మురళి గారు గేదె పక్కన కుర్చీ వేసుకుని, గాజు గొట్టం చేత్తో పట్టుకుని నిద్రపోతున్నారు. లోపల మిషన్ ఆడుతోంది. సుభద్ర గారు కాఫీ కలుపుతూ, "ఆయన్ని లేపకండి. బ్యాటరీకి ధైర్యం చెప్పి చెప్పి అలిసిపోయారు" అన్నారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఆవిడ నాకూ ఒక కప్పు ఇచ్చారు.

ఆవిడ అలవాటు

ఆ తర్వాత సుభద్ర గారికి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ముందు ఇంటి చుట్టూ తిరిగి మెయిన్ ఆర్పేవారు. ఇల్లు బ్యాటరీ మీద నడుస్తోందని చూశాకే విస్తరి ముందు కూర్చునేవారు. "ఏమీ అనుకోకండి, నా రోగం అలాంటిది" అని నవ్వేవారు. ఆవిడకి సిలిండరు పక్కనే ఉంది, వాళ్ళ బ్యాటరీతో పని లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా పాట్‌లక్ వంతు వచ్చిందంటే చాలు, ఆ ఇంట్లో వారం ముందు నుంచే హడావుడి. జాడీలు బయటికి, డిస్టిల్డ్ వాటర్ లోపలికి. రామ్మోహన్ గారు ప్యానెళ్ళని దక్షిణానికి తిప్పించుకున్నారు. సూర్యుడు ఏమీ అనుకోలేదు.

నేను అన్నాళ్ళు ఇంటింటికీ తిరిగి బతిమాలినా జరగని పని, ఆవిడ చేతి భయానికి జరిగిపోయింది. పరువు కోసం చచ్చిన బ్యాటరీని దాచినవాళ్ళే, పరువు కోసం బ్యాటరీని బతికించుకున్నారు.

ఆవిడ 1980ల చివర్లో పోయారు. ఆసుపత్రిలో, న్యుమోనియాతో. కరెంటు ఆ రోజు సవ్యంగానే ఉంది.

పన్ను రాయితీ కాలమూ, డ్యాన్ సూర్యభక్తీ రెండూ అప్పటికే ఎప్పుడో అయిపోయాయి. ఆవిడ పోయిన కొన్ని నెలలకి ఒకసారి మురళి గారింటికి వెళ్ళాను. ఆ గేదెని కొంటామన్న గోదాము వాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఇప్పిద్దామని. మిషన్‌ని ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడో తీసుకుపోయారు. గ్యారేజీలో గేదె ఒక్కతే ఉంది. పైన దుమ్ము లేదు. మూతలు తీసి చూశాను. నీళ్ళు అంచు దాకా నిండుగా, ఆమ్లం చిక్కగా, పూర్తి ఛార్జితో ఉంది. నా ఉద్యోగంలో అంత బాగా చూసుకున్న బ్యాటరీని నేనెప్పుడూ చూడలేదు.

"ఏం నడుపుతున్నారండీ దీనితో?" అన్నాను.

"ఏమీ లేదండీ."

"మరి ఎందుకు ఇంత శ్రద్ధ?"

ఆయన మూతలు ఒక్కొక్కటే బిగిస్తూ అన్నారు: "ఆవిడ వచ్చి మెయిన్ ఆర్పితే, నా పరువు పోదూ?"

నేను గోదాము వాళ్ళకి లేదని చెప్పేశాను.